పసుపు మాత్ర వెనుక మన భీమవరం కుర్రాడు

కైకలూరులో పొద్దున్నే రైలెక్కితే ఆకివీడు, ఉండి దాటి భీమవరం టౌన్‌లో దిగుతాం. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నాది అదే రూటు. కిటికీలోంచి చూస్తే చేపల చెరువులు, ఏరియేటర్లు, ఐస్ పెట్టెల లారీలు. ఆ నాలుగేళ్లలో యల్లాప్రగడ సుబ్బారావు అనే పేరు నాకు ఒక్కలాగే తెలుసు: పోటీ పరీక్షల పుస్తకంలో ఓ బిట్‌గా. ఏటీపీతో ముడిపడిన తెలుగు శాస్త్రవేత్త ఎవరు? ఆప్షన్ సి. టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవడమే.

ఆయన నిజంగా పరిచయమైంది ఆ తర్వాత. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఓ హాస్టల్‌లో ఉంటూ ఏడాదిన్నర ఉద్యోగం వెతికాను. పొద్దున టిఫిన్ ఎగ్గొట్టడం, మధ్యాహ్నం తెల్లన్నంలోకి నీళ్లచారు, సాయంత్రం బజ్జీలు, రాత్రి నూడుల్స్. ఆకుకూర మొహం చూసి నెలలయ్యేది. కడుపుబ్బరం, ఓ రోజు విరేచనాలు, తర్వాత నాలుగు రోజులు మలబద్ధకం. అంతా ఇంటర్వ్యూ టెన్షనే అనుకుని గ్యాస్ బిళ్లలు మింగుతూ పోయాను. చివరికి మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితికి వచ్చాక డాక్టర్ దగ్గరికెళ్లాను. ఆయన రక్తపరీక్ష చేయించారు, రోజూ ఏం తింటున్నానో అడిగారు, ఓ చిన్న పసుపు మాత్ర రాశారు. ఫోలిక్ యాసిడ్. దాంతోపాటు పప్పు, ఆకుకూర రోజూ తినమన్నారు.

టెక్ బ్లాగు రాసేవాడికి ఓ అలవాటుంటుంది. కనిపించిన ప్రతిదాని వెనక ఏముందో వెతకడం. ఆ మాత్ర గురించి వెతికితే న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ ల్యాబ్ వచ్చింది. ఆ ల్యాబ్ డైరెక్టర్ గురించి వెతికితే మళ్లీ నేను రోజూ దిగిన ఊరే వచ్చింది. ఆయన ఇంట్లో ఇద్దరు మనుషుల్ని పేగు జబ్బు తీసుకుపోయిందని, అదే జబ్బు ఆయన్నీ దాదాపు పడగొట్టిందని, పాతికేళ్ల తర్వాత ఆ జబ్బుకి పనికొచ్చే మందు ఆయన ల్యాబ్ నుంచే వచ్చిందని తెలిశాక, ఆప్షన్ సి అని టిక్ పెట్టినందుకు సిగ్గేసింది. అందుకే ఈ కథ.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం సహకరించక ముందుగానే మానేయాల్సి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది.

ఇప్పుడు మనం సుబ్బారావుని మేధావి అంటున్నాం గానీ, అప్పటి ఇంటివాళ్లకి ఆయన చదువు మీద మనసు నిలవని కుర్రాడు. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్లి, యాత్రికులకి అరటిపళ్లు అమ్మి బాగా డబ్బు సంపాదించాలని ప్లాన్. స్టార్టప్ ఐడియా అన్నమాట. కథ మధ్యలోనే ఆగింది. దొరకబుచ్చుకుని వెనక్కి తీసుకొచ్చారు. వెంకమ్మగారు గట్టి మనిషి. చదువు తప్ప ఇంకో దారి లేదని పట్టుబట్టారు. రాజమండ్రిలో చదివించారు, తర్వాత మద్రాసు పంపారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కాడు.

బ్యాక్‌లాగులతో కుస్తీ పడుతున్నవాళ్లు ఈ ఒక్క లైను గుర్తుపెట్టుకుంటే చాలు.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. అప్పుడే రామకృష్ణ మిషన్ వైపు మనసు పోయింది, సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం కూడా ఓ దారేనన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. డబ్బు సాయం స్నేహితుల నుంచి, తర్వాత మామగారి నుంచి అందింది. 1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిది అనపర్తి.

ఖద్దరు కోటు తెచ్చిన నష్టం

మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీజీ విదేశీ బట్టల బహిష్కరణకి పిలుపునిచ్చారు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు కోటుతో వెళ్లడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు. అంతకంటే తక్కువ స్థాయి అయిన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్.

ఆ తేడా ఎంత దూరం వెళ్లిందంటే, మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. క్వాలిఫికేషన్ కాలమ్ దగ్గరే రెజ్యూమె ఆగిపోవడం అంటే ఏంటో మనలో చాలామందికి తెలుసు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరర్‌గా చేరారు. లక్ష్మీపతిగారితో పరిచయం మాత్రం కేవలం ఉద్యోగం వల్ల వచ్చింది కాదు. దాని వెనక ఓ జబ్బుంది.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఆ రోజుల్లోనే సుబ్బారావు సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది ఒకటే జబ్బు. ట్రాపికల్ స్ప్రూ. ఆ తర్వాత అదే సుబ్బారావునీ పట్టుకుంది. ఇంగ్లిష్ వైద్యం చదివిన ఆయనకి అందులో మందు దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. కోలుకున్నారు గానీ, ఆ మందు ఎందుకు పనిచేసింది, అన్నదమ్ముల విషయంలో ఏం జరిగింది అన్న ప్రశ్నలకి జవాబు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

స్ప్రూ అంటే ఏంటో ఇక్కడ కాస్త తెలుసుకోవాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. మన చిన్నపేగు పొడవు దాదాపు ఆరు మీటర్లు. దాని లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీద పోగుల్లా లక్షల కొద్దీ చిన్న చిన్న మొలకలుంటాయి. తిన్నదాంట్లోని పోషకాల్ని రక్తంలోకి లాగేది అవే. స్ప్రూలో ఆ మొలకలు పొట్టిబడి, చదునైపోతాయి. మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది ఒంటికి పట్టదు. జిడ్డుగా విరేచనాలు, నాలుక పుండుపడటం, రక్తం తగ్గిపోవడం, మనిషి కళ్లముందే ఎముకల గూడు అయిపోవడం. ఉష్ణదేశాల్లో, మన దక్షిణాదిలో అప్పట్లో ఇది చాలామందిని చంపింది.

పేగు గోడ మీది కణాలు మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తవి పుడతాయి. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ కాపీ అవ్వాలి. ఆ కాపీకి ఫోలేట్ అనే విటమిన్ తప్పనిసరి. ఆ ఫోలేట్‌ని ఆహారం నుంచి లాక్కోవాల్సిందేమో అదే పేగు గోడ. గోడ పాడైతే ఫోలేట్ రాదు, ఫోలేట్ రాకపోతే గోడ బాగుపడదు. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే డెడ్‌లాక్. రెండు ప్రాసెస్‌లూ ఒకదాని కోసం ఇంకోటి ఎదురుచూస్తూ నిలిచిపోతాయి. బయటి నుంచి ఎవరో ఒకరు దాన్ని తెగ్గొట్టాలి.

కానీ 1920ల మొదట్లో ఫోలేట్ అనే పేరే పుట్టలేదు. సుబ్బారావు చేతిలో ఉన్నది ఎల్ఎంఎస్ సర్టిఫికెట్, ఇంట్లో రెండు చావులు, ఓ ప్రశ్న. అంతే.

బోస్టన్‌లో నైట్ షిఫ్ట్

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం, మామగారి సాయం కలిసొచ్చి సుబ్బారావు అమెరికా బయల్దేరారు. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ కోర్సు. స్కాలర్‌షిప్ లేదు. ఆయన ఇండియాలో చదివిన డిగ్రీతో అక్కడ డాక్టర్‌గా పనిచేసే వీల్లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పనికి కుదిరారు. రోగుల బెడ్‌పాన్లు తీసి శుభ్రం చేయడం కూడా ఆ పనిలో భాగమే. వైద్యం చదివిన మనిషి, ఆసుపత్రిలో వార్డు బాయ్ పని. పగలు క్లాసు, రాత్రి డ్యూటీ.

1924లో డిప్లొమా చేతికొచ్చాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. అక్కడ వరసగా మూడు పెద్ద పనులు జరిగాయి. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. ఏటీపీ అంటే మన కణాల రీచార్జబుల్ బ్యాటరీ. మీరు ఈ లైను చదువుతున్నప్పుడు కన్ను కదలడానికి ఖర్చవుతున్నది అదే.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. పేపర్లు, పేరు ఉన్నాయి. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పదహారేళ్లకి పైగా అక్కడే గడిపిన మనిషి 1940లో బయటికి రావాల్సి వచ్చింది.

ఈలోగా ఇంటి దగ్గర శేషగిరి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయన బయల్దేరాక కొడుకు పుట్టి, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. కొద్ది ఏళ్లలో తిరిగొస్తానన్న మనిషి మళ్లీ రాలేదు. ఈ కథని విజయగాథగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ పేరా దాటేస్తుంటారు. దాటేయకూడదు. అనపర్తిలో ఓ మనిషి జీవితకాలం ఎదురుచూడటం కూడా ఈ కథ ఖరీదులో భాగమే.

ఒకటి వెతికితే ఇంకోటి దొరికింది

సుబ్బారావు బోస్టన్‌లో ఉన్న రోజుల్లోనే, 1926లో, అదే ఊళ్లో జార్జ్ మైనట్, విలియం మర్ఫీ ఓ విషయం తేల్చారు. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనత ఉన్నవాళ్లకి కాలేయం తినిపిస్తే బతుకుతున్నారు. కాలేయంలో ఏదో ఉంది. ఏముంది? ప్రపంచంలోని ల్యాబులన్నీ దాని వెంట పడ్డాయి. సుబ్బారావూ పడ్డారు. స్ప్రూ రోగుల్లోనూ దాదాపు అలాంటి రక్తహీనతే కనిపిస్తుంది. ఆయనకి ఈ వెతుకులాట ఎందుకంత ముఖ్యమో ఊహించడం కష్టం కాదు.

ఇంకో కొస మన దేశంలోనే తెరుచుకుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో రక్తహీనత ఎందుకొస్తోందో చూశారు. వాళ్లు తినే తిండిలోనే లోపం ఉందని గమనించారు. ఈస్ట్ సారం తినిపిస్తే కోలుకున్నారని 1931లో ప్రచురించారు. 1941లో టెక్సాస్ యూనివర్సిటీలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కొద్దిగా వేరుచేసి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. మన మాటల్లో చెప్పాలంటే ఆకామ్లం.

నాలుగు టన్నుల ఆకు నుంచి చిటికెడు వస్తే, రోగులకి ఇచ్చేంత ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడే సుబ్బారావు పని మొదలైంది. హార్వర్డ్ వదిలాక ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. 1942లో రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవుల నిపుణులు, జంతువుల మీద పరీక్షించేవాళ్లు, అందర్నీ ఓ పెద్ద టీమ్‌గా కూర్చారు. కాలేయం నుంచి పదార్థాన్ని వేరుచేయడం, దాని నిర్మాణం తేల్చడం, ఆకూ కాలేయం అక్కర్లేకుండా ల్యాబులోనే తయారుచేయడం. 1945లో అది సాధించారు. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు సీసాల్లో తయారవుతుంది.

ఓ మెలిక ఉంది. అందరూ వెతికిన పెర్నీషియస్ అనీమియా మందు ఇది కాదని తర్వాత తేలింది. అది విటమిన్ బి12. 1948లో వేరే ల్యాబులు దాన్ని పట్టుకున్నాయి. ఆ లెక్కన సుబ్బారావు బయల్దేరిన గమ్యం ఇంకొకరికి దక్కింది. కానీ దారిలో ఆయన చేతికొచ్చింది మాత్రం తన ఇంటి ప్రశ్నకి జవాబు. 1945-46లో టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకి ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, నాలుక పుండ్లు మానాయి, ఆకలి తిరిగొచ్చింది. డెడ్‌లాక్ తెగింది.

ఇంకో విషయం. సుబ్బారావు నడిపించిన అదే ల్యాబులో బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుక్కున్నారు. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్‌లో మొదటిది అదే. ఇవాళ ట్రాపికల్ స్ప్రూకి డాక్టర్లు ఇచ్చే చికిత్స ఏంటో తెలుసా? కొన్ని నెలలపాటు ఫోలిక్ యాసిడ్, దాంతోపాటు టెట్రాసైక్లిన్ రకం మందు. రెండింటి మూలాలూ ఆ ఒక్క ల్యాబులోనే ఉన్నాయి. పురుషోత్తానికీ కృష్ణమూర్తికీ పాతికేళ్లు ఆలస్యంగా.

ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఇంకా చాలా అందాయి. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందుల్ని ఆయన టీమే తయారుచేసింది. వాటితో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ని తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగారు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో, కీళ్లవాతం క్లినిక్కుల్లో వాడుతున్నారు. బోదకాలుకి గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి వేయించిన డీఈసీ మాత్రలు కూడా ఆ ల్యాబులో పుట్టినవే. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో బామ్మలకి ఆ మాత్ర తెలుసు, మనిషి తెలీదు.

1948 ఆగస్టు 8 రాత్రి న్యూయార్క్‌లో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. పేపర్ మీద తన పేరు ముందుండాలని పోరాడిన మనిషీ కాదు. 1995లో, పుట్టి నూరేళ్లయ్యాక, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మాత్ర కంటే ముందు పళ్లెం

ఇక్కడికి కథ అయిపోయిందనుకుంటే నా కడుపు సంగతి మిగిలిపోతుంది. నాకు వచ్చింది స్ప్రూ కాదు. నాది చేతులారా తెచ్చుకున్నది. సుబ్బారావు తరానికి పేగు ఎందుకు పాడవుతుందో తెలియక చచ్చిపోయారు. మనకి అన్నీ తెలుసు, కానీ ప్లేస్‌మెంట్ వచ్చాక చూద్దాం అనుకుంటాం.

నాలుగు టన్నుల పాలకూర కథలో మనకి పనికొచ్చే విషయం ఇదే: మందుకి పేరు ఆకు నుంచి వచ్చింది. తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర, మునగాకు, వీటిల్లో ఫోలేట్ ఉంది. పెసలు, శనగలు, బొబ్బర్లు, కందిపప్పు, వేరుశనగల్లోనూ బాగా ఉంది. ఇదే జాబితాని ఇంకో కాలమ్ కింద రాస్తే అది పీచు జాబితా కూడా. పీచు మన పేగు అరిగించుకోలేదు. అది కింద పెద్దపేగు దాకా వెళ్లి అక్కడున్న మంచి బ్యాక్టీరియాకి తిండి అవుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి పదార్థాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి అసలైన ఇంధనం అదే. అంటే చిన్నపేగు గోడకి ఫోలేట్, పెద్దపేగు గోడకి పీచు. పప్పులో వేసిన ఓ కట్ట తోటకూర రెండు చోట్లా పనిచేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లు రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలు, పళ్లు, 25 గ్రాముల పీచు తినాలి. హాస్టల్ తెల్లన్నం, నీళ్లచారు, మైదా నూడుల్స్‌తో అందులో సగం కూడా రావడం కష్టం. కొల్లేరు పక్కన పుట్టినవాళ్లకి ఓ మాట. మన చేపల పులుసుకి తిరుగులేదు. కానీ చేపలో పీచు సున్నా. అలాగని ఆకు ఒక్కటే తిన్నా సరిపోదు. ఆకులో బి12 ఉండదు, చేపలో, గుడ్డులో, పాలలో, పెరుగులో ఉంటుంది. సుబ్బారావు ఒకటి వెతికితే ఇంకోటి దొరికిందని చెప్పుకున్నాం కదా, ఆ రెండూ మన పళ్లెంలో పక్కపక్కనే ఉండాలి.

నేను చేసింది పెద్ద డైట్ ప్లాన్ ఏమీ కాదు. రాత్రి గుప్పెడు పెసలో శనగలో నానబెట్టడం. మెస్‌లో పప్పు రెండోసారి అడగడం. సాయంత్రం బజ్జీల బండి పక్కనే ఉన్న జామకాయల బండి దగ్గర ఆగడం. వారానికి నాలుగు రోజులు రూమ్మేట్స్‌తో కలిసి ఎలక్ట్రిక్ కుక్కర్‌లో ఆకుకూర పప్పు. అందులో ఓ జాగ్రత్త: ఆకు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఫోలేట్ అందులోనే పోతుంది. ఎక్కువసేపు ఉడికించినా తగ్గిపోతుంది. ఉడికిన నీళ్లతో సహా పప్పులోనే వేసుకోవాలి. మన అమ్మమ్మలు చేసేది అదే. పీచు ఒకేసారి పెంచితే గ్యాస్ పట్టేస్తుంది, కాబట్టి రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. నీళ్లు ఎక్కువ తాగాలి.

ఓ హెచ్చరిక కూడా ఇక్కడే. ఇది చదివి మెడికల్ షాపుకెళ్లి ఫోలిక్ యాసిడ్ మీరే కొనేసుకోవద్దు. బి12 తక్కువ ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. విరేచనాలు రెండు మూడు వారాలు తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా ఆకుకూరతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించాలి. సుబ్బారావు అన్నదమ్ములకి ఆ అవకాశం లేదు. మనకి ఉంది.

నాకు ఉద్యోగం ఆ తర్వాత ఆర్నెల్లకి వచ్చింది. కడుపు బాగుపడటం వల్ల వచ్చిందని చెప్పను, అది అబద్ధం అవుతుంది. కానీ ఇంటర్వ్యూ మధ్యలో కడుపు పట్టుకుని బాత్రూమ్ ఎక్కడని అడగాల్సిన పరిస్థితి మాత్రం పోయింది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు కైకలూరు నుంచి మళ్లీ అదే రైలెక్కాను. ఎదురు సీట్లో ఓ అమ్మాయి పోటీ పరీక్షల పుస్తకం తెరిచి బిట్లు చదువుకుంటోంది. సుబ్బారావుగారి పేరు వచ్చిందో లేదో నాకు తెలీదు. వస్తే టిక్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగమని చెబుదామనుకున్నాను. ఇంతలో భీమవరం టౌన్ వచ్చేసింది. అందుకే ఇక్కడ రాశాను.